గృహిణీ విజ్ఞానము: మొదలు, కొమ్మ, కలయిక

ఈ కాలమున మన యిండ్లలో తరచుగా వినవచ్చు మాటలలో “బ్రాంచి” యనునది యొకటి. ఇది బ్యాంకు బ్రాంచి గాదు, తపాలా కచేరి బ్రాంచియు గాదు. కంప్యూటరు కొలువు చేయు కొమార్తెనో కోడలినో రాత్రి భోజనమునకు పిలిచినపుడు “నా బ్రాంచి యింకను కలుపలేదు, పది నిమిషములలో వచ్చెదను” అని లోపలినుండి బదులు వచ్చును. పది నిమిషములు గంట యగును, చారు చల్లారును. ఆ బ్రాంచి యేమో, దానిని దేనిలో కలుపుదురో, కలుపుట కింత కాలమేల పట్టునో తెలిసికొనవలెనని మన సోదరీమణులకు తోచుట సహజము.

ఇది కంప్యూటరువారి గొడవ, మనకెందుకని దీనిని త్రోసివేయరాదని మా మనవి. పలువురు కలసి యొక వ్రాతను వ్రాయుట యెక్కడ గలదో, అక్కడనెల్ల ఈ విద్య పనికివచ్చును. ఇంటి పాటల పుస్తకమైనను, మహిళా సంఘపు నియమావళి యైనను, పెద్ద కంపెనీలోని కంప్యూటరు ప్రోగ్రామైనను చిక్కు ఒక్కటియే: చేతులు పెక్కు, ప్రతి యొక్కటి. ఆ చిక్కునకు నేటివారు కనుగొనిన యుపాయమును ఈ నెల వివరింపదలచితిమి.

కష్ట మెక్కడిది?

శంషాబాదు ప్రాంతమున నొక కుటుంబమును ఊహింతము. అక్కడి రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము సుమారు 5,500 ఎకరముల నేలపై వెలసినది. పొలములు పోయి రహదారులు వచ్చిన చోట నేల మాత్రమే మారదు. అక్కడి పనులు మారును, పనులతో పాటు పాటలును మారును. మనము ఊహించుకొన్న యింటిలో అత్తగారికి బతుకమ్మ పాటలు, పెండ్లి పాటలు, నాట్లనాటి పాటలు వందలకొలదిగా కంఠస్థములు. ఏ పచ్చడికి ఏది యెంత వేయవలెనో ఆమె చేతికే తెలియును గాని కాగితముపై నెక్కడను లేదు. ఆమె యుండగానే వాని నన్నిటిని పుస్తకముగా వ్రాసిపెట్టవలెనని పెద్దకోడలు సంకల్పించినది. చిన్నకోడలు గచ్చిబౌలిలో కొలువు చేయుచున్నది. ఆడపడుచు అమెరికాలో డల్లాసు నగరమున కాపురమున్నది. ముగ్గురును పూనుకొనిరి.

మొదటి నెలలోనే చిక్కు పుట్టును. పెద్దకోడలు టైపు చేసి యిద్దరికిని ప్రతులు పంపును. చిన్నకోడలు తప్పులు దిద్ది తిరుగ పంపును. ఆ దిద్దుబాటు చూడకయే ఆడపడుచు పాత ప్రతిలో రెండు పాటలు చేర్చి పంపును. ఇప్పుడు ప్రతులు మూడు. వాని పేళ్లు “పాటలు”, “పాటలు కడపటిది”, “పాటలు నిజముగా కడపటిది”. ఒక ప్రతిలో నున్న చరణము మరియొక ప్రతిలో నుండదు. తీసివేసిన దెవరో, ఎందులకు తీసిరో తెలియదు. ఇంతలో అత్తగారు కాలధర్మము నొందినచో ఆ చరణమును మరల నెవరి నడుగవలెను? కాగితము చినిగిన నతికింపవచ్చును. ఒక్క కంఠమున నిలిచిన పాట పోయినచో తిరిగి రాదు. ఈ విద్యవలన కాపాడబడునది యిట్టిది కాబట్టియే దీనిని తేలికగా చూడరాదు.

పాతదానిని ఆపక, క్రొత్తదానిని కట్టుట

ఈ యుపాయపు మూలసూత్రమునకు హైదరాబాదు నగరమే మంచి యుదాహరణము. శంషాబాదు విమానాశ్రయమునకు 2005 మార్చి 16వ తేదీన శంకుస్థాపన జరిగినది. కట్టడము సాగిన మూడేండ్లును నగరమునకు విమానములు రాక మానలేదు. అవి యథాప్రకారము బేగంపేటలోనే దిగుచుండెను. 2008 మార్చి 14న క్రొత్త విమానాశ్రయమునకు ప్రారంభోత్సవము చేసి, 23వ తేదీనుండి ప్రయాణికుల విమానములను అక్కడికి మార్చిరి. కట్టుబడి జరుగు చోటు వేరు, జనులు తిరుగు చోటు వేరు. సగము కట్టిన గోడ ప్రయాణికుని తలపై బడలేదు. ప్రయాణికుని రద్దీ తాపీమేస్త్రి చేతి కడ్డు రాలేదు.

వ్రాతలోను ఇంతియే. అందరు నమ్ముకొని యుపయోగించు ప్రతి యొకటి యుండవలెను. దానిని “మెయిన్” అందురు. మనము “మొదలు” అందము. క్రొత్తగా నేదైన చేయదలచినవారు మొదలుపై చేయి వేయక, దానినుండి యొక కొమ్మను చీల్చి, ఆ కొమ్మపై పనిచేసికొందురు. ఆ కొమ్మయే బ్రాంచి. పని ముగిసి, మరియొకరు చూచి బాగున్నదన్న పిమ్మట కొమ్మను మొదలులో కలుపుదురు. ఆ కలయికకు “మెర్జ్” అని పేరు. కొమ్మపై చేసినది బెడిసికొట్టినచో కొమ్మను విడిచిపెట్టుదురు. మొదలునకు గోరంతయు నష్టము లేదు.

ఈ విద్య వచ్చిన త్రోవ

వ్రాత యొక్క పూర్వ రూపములను కంప్యూటరుచేత భద్రపరచు పద్ధతి క్రొత్తది గాదు. 1972లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మార్క్ రాచ్కైండ్ అనునతడు దీనికొక సాధనమును రచించెను. తరువాత నిట్టివి మరికొన్ని వచ్చినవి. కాని వానిలో కొమ్మ వేయుట యొక యెత్తు, కలుపుట పదియెత్తులు. కలుపుట కష్టమైనచో జనులు కొమ్మలు వేయుటయే మానుదురు. మానినచో తిరిగి మొదలుపైననే అందరును చేయి వేయుదురు.

నేడు బహుళ ప్రచారములో నున్న సాధనము పేరు గిట్. లినక్స్ అను ప్రసిద్ధ కంప్యూటరు వ్యవస్థను ప్రపంచపు నానాదిక్కుల నుండి వేలకొలది జనులు కలసి వ్రాయుచున్నారు. 2002 నుండి వారు వాడుకొనుచుండిన బిట్‌కీపర్ అను సాధనమును ఉచితముగా నిచ్చుటను దాని యజమానులు 2005లో మానివేసిరి. అప్పుడు లినక్స్ కర్తయైన లినస్ టోర్వాల్డ్స్ ఆ యేటి ఏప్రిల్ 3వ తేదీన స్వయముగా నొక సాధనమును వ్రాయ నారంభించెను. నాలుగు దినములలో, అనగా 7వ తేదీకి, గిట్ తన వ్రాతను తానే భద్రపరచుకొనగల స్థితికి వచ్చినది. శంషాబాదులో శంకుస్థాపన జరిగి మూడు వారములైనను గడువకముందే యీ రెండవ పునాది మరియొక ఖండమున పడినదన్నమాట. ఆ జూలై నుండి దాని పోషణభారమును జునియో హమానో వహించెను. ఎక్కడెక్కడనో నున్న వేలమంది వ్రాతలను ప్రతిదినము కలుపవలసినవాడు తన కొరకు చేసికొన్న సాధనము గనుక కొమ్మ వేయుటయు కలుపుటయు దీనిలో మిక్కిలి తేలిక చేయబడినవి.

కొమ్మ యనగా ప్రతి గాదు

క్రొత్తవా రిచ్చట నొక విషయమున పొరపడుదురు. కొమ్మ వేయుట యనగా పుస్తకమంతయు మరియొక ప్రతి తీయుట యని వారి తలంపు. అది గాదు. గిట్‌లో పనిని అప్పుడప్పుడు “కమిట్” చేయవలెను. అనగా “ఈ క్షణమున పుస్తక మిట్లున్నది” అని ముద్ర వేయుట. ఆ ముద్రలో వేసినవారి పేరు, వేళ, మార్పునకు కారణము, దీనికి ముందటి ముద్ర యేదియో అన్నియు నుండును. ప్రతి ముద్రకును సాధారణముగా 40 అక్షరముల గుర్తు ఏర్పడును. కొమ్మ యనగా ఆ 40 అక్షరముల గుర్తును వ్రాసికొన్న చిన్న చీటి మాత్రమే.

చిన్ననాట మనము పుస్తకములో దాచుకొన్న నెమలికన్నును తలచుకొనుడు. నెమలికన్ను పుస్తకము గాదు. పుస్తకములో మన మెక్కడ నున్నామో చూపు గుర్తు. ఒక పుస్తకమున పది నెమలికన్నులుంచినను పుస్తకము పది కాదు. క్రొత్త ముద్ర వేసినప్పుడెల్ల మన మున్న కొమ్మ యొక్క నెమలికన్ను తనంతట తాను ఒక పుట ముందునకు జరుగును. ఇతర కొమ్మల నెమలికన్ను లెక్కడి వక్కడనే యుండును. వేయి పుటల గ్రంథమైనను కొమ్మ వేయుటకు రెప్పపాటు కాలము చాలుటకు కారణ మిదియే.

ఇక చేయు విధము. కంప్యూటరునకు ఆజ్ఞల నింగ్లీషు లిపిలో టైపు చేయవలెను. ఉచ్చారణ మాత్ర మిచ్చట నిచ్చుచున్నాము. “గిట్ బ్రాంచ్” అన్నచో ఉన్న కొమ్మల పేళ్లు వరుసగా కనబడును. మనమున్న కొమ్మకు నక్షత్రపు గుర్తుండును. “గిట్ స్విచ్ -సి” అని, ఒక ఖాళీ విడిచి, క్రొత్త కొమ్మ పేరు వ్రాసినచో ఆ కొమ్మ పుట్టును. మనమును దానిపైకి పోవుదుము. కేవలము “గిట్ స్విచ్” అని కొమ్మ పేరు వ్రాసినచో ఉన్న కొమ్మపైకి పోవుదుము. స్విచ్ అను మాట 2019లో వచ్చినది. అంతకు పూర్వము నేర్చినవారు “చెకౌట్” అందురు, రెండును చెల్లును. ఒక కొమ్మనుండి మరియొక కొమ్మకు పోవుటకు ముందు చేతిలోని పనికి ముద్ర వేసి కదలుట మంచిది. పిండి కలుపుచున్న చేతితో నగలపెట్టె ముట్టరాదు గదా.

కొమ్మను పోషించు విధము

కొమ్మ వేయుట సులభము. వేసినదానిని పోషించుటయే సంసారము. దీనికి మాకు ముఖ్యముగా తోచిన నియమములు కొన్ని కలవు.

మొదటిది పేరు. “నా పని”, “క్రొత్తది” యను పేళ్లు పెట్టినచో నెల గడచునప్పటికి పెట్టినవారికే అర్థము గావు. “పెండ్లిపాటల-దిద్దుబాటు” అని పెట్టినచో ఎవరు చూచినను తెలియును. పేరులో ఖాళీ యుండరాదు. మాటల నడుమ చిన్న గీత నుంచవలెను.

రెండవది, ఒక కొమ్మకు ఒక్క పని. పెండ్లి పాటలు దిద్దు కొమ్మపైననే పచ్చళ్ల ప్రకరణమును, ముఖపత్రపు బొమ్మను మార్చినచో చూచువారి కేది యెందులకు మారినదో తెలియదు. పాటలు నచ్చి బొమ్మ నచ్చకున్నచో విడదీయుట కష్టము.

మూడవది, కొమ్మ ఆయువు కొద్దిగా నుండవలెను. శంషాబాదు విమానాశ్రయము మూడేండ్లు కట్టిరి గదా యనవచ్చును. అక్కడ బేగంపేట రన్‌వే దినదినము రూపు మారలేదు. వ్రాతలో నట్లు గాదు. మనము కొమ్మపై నుండగా మొదలులో నితరుల పని చేరుచునే యుండును. దినములు గడచినకొలది రెండింటికి నెడము పెరుగును. వారమునకు కలిపిన కొమ్మ చేతిలో పని. ఏడాదికి కలుపబోయిన కొమ్మ కోర్టు వ్యవహారము. ఏ కారణముచేత నైనను కొమ్మ నిలువవలసివచ్చినచో అప్పుడప్పుడు మొదలులోని క్రొత్త మార్పులను కొమ్మలోనికి తెచ్చుకొనుచుండవలెను. పుట్టింటి వార్తలు నెలనెలకు తెలియుచున్న యాడుబిడ్డకు పండుగనాడు పోయినపుడు ఆశ్చర్యపడవలసినది తక్కువ.

నాలుగవది, మన కంప్యూటరులో ముద్ర వేసినంతమాత్రమున పని భద్రమైనదని తలపరాదు. ఆ యంత్రము చెడినచో కొమ్మయు పోవును. “పుష్” అను ఆజ్ఞతో కొమ్మను అందరికిని ఉమ్మడియైన భాండారమునకు పంపవలెను. అప్పుడు డల్లాసులోని ఆడపడుచు చూచుటకును వీలగును.

అయిదవది, తన కొమ్మను తానే చూచుకొని తానే కలుపుట తగదు. పెద్ద కంపెనీలలో మొదలునకు కట్టడి యుండును. మరియొకరు చదివి సమ్మతించిననే గాని కలయిక జరుగదు. మన కుటుంబపు పుస్తకమునకును ఇట్టి కట్టడి మేలు. ఇది అపనమ్మకము గాదు. మన వ్రాతలోని తప్పు మన కంటికి కనబడదు, అది లోకసహజము.

కలయికయు, ఉప్పును

కలుపుటకు మొదలుపైకి పోయి “గిట్ మెర్జ్” అని కొమ్మ పేరు వ్రాయవలెను. ఒకరు పదవ పుటలోను, మరియొకరు ఏబదవ పుటలోను మార్చియున్నచో గిట్ రెండింటిని తానే కలుపును. ఇద్దరును ఒకే పంక్తిని వేర్వేరుగా మార్చియున్నచో అది తీర్పు చెప్పదు. చిక్కుపడినదని తెలిపి నిలుచును. ఆ పంక్తియున్న చోట ఏడు కోణపు గుర్తులు పెట్టి మొదలులోని పాఠమును, ఏడు సమాన చిహ్నముల గీత పిమ్మట కొమ్మలోని పాఠమును, చివర మరల ఏడు కోణపు గుర్తులను వ్రాసి చూపును. రెండింటిలో నేది యుంచవలెనో, రెండింటిని కలిపి మూడవది వ్రాయవలెనో మనుష్యులే నిర్ణయించి, గుర్తులు తుడిచి, ముద్ర వేయవలెను. క్రొత్తవారు దీనిని చూచి కంగారుపడుదురు. కంగారు వలదు. ఇది యంత్రము చెడుట గాదు. “ఇచ్చట మీ యిద్దరికి మాట కుదురలేదు, మాటలాడుకొనుడు” అని మర్యాదగా చెప్పుట.

నిజమైన ప్రమాదము చిక్కు కనబడిన చోట లేదు, కనబడని చోట గలదు. మన కుటుంబపు ఆవకాయ పుటనే తీసికొందము. పెద్దకోడలు మొదట వ్రాసినపుడు ఉప్పు మాట మరచినదనుకొందము. చిన్నకోడలు దానిని కనిపెట్టి, తన కొమ్మపై, దినుసుల పట్టికకు దిగువను “ముక్కలకు ఒక సోల ఉప్పు పట్టించవలెను” అని చేర్చినది. ఆడపడుచును దానినే కనిపెట్టి, తన కొమ్మపై, పుట చివర నూనె పోయు చోట “ఒక సోల ఉప్పు వేసి కలుపవలెను” అని చేర్చినది. ఇద్దరి బుద్ధియు మంచిదే. ఇద్దరి దిద్దుబాటును సరియైనదే. చోట్లు వేరు గనుక గిట్‌నకు చిక్కేమియు కనబడలేదు. రెండు కొమ్మలను చక్కగా కలిపి, అంతయు సవ్యమే యని చెప్పినది. ఆ పుట చూచి పెట్టిన జాడీలో ఉప్పు రెట్టింపు!

యంత్రము పంక్తులను పోల్చును, రుచిని పోల్చదు. “చిక్కు లేకుండ కలిసినది” యనుట వేరు, “సరిగా కలిసినది” యనుట వేరు. అందుచేత కలిపిన పిమ్మట పుటను మొదటినుండి చివరివరకు ఒకరు చదువవలెను. కంప్యూటరు వ్రాత వ్రాయువారు కలిపినవెంటనే పరీక్షలు నడిపించుట యీ కారణముచేతనే. మన కొమార్తె భోజనమునకు ఆలసించు గంటలో కొంత యీ ఉప్పును వెదకుటకే పోవుచున్నదని తెలిసికొనినచో చారు మరల వెచ్చబెట్టుట మనకంత కష్టముగా తోపదు.

రెండు వైపులను చదివి అతుకువేయుటలో మన సాహిత్యమునందే గొప్ప యుదాహరణము గలదు. నన్నయ ఆంధ్రమహాభారతమున ఆది సభాపర్వములను, అరణ్యపర్వమున కొంత భాగమును రచించెను. తిక్కన ఆ మిగిలిన భాగమును ముట్టక విరాటపర్వము మొదలు పదునైదు పర్వములను రచించెను. నడుమ నున్న యెడమును 14వ శతాబ్దమున ఎఱ్ఱన పూరించెను. ముందు నన్నయ శైలి, వెనుక తిక్కన శైలి. రెండింటిని చదివి, రెండింటికిని పొందునట్లు వ్రాసెను. పైగా నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రుని పేరనే ఆ భాగము నంకితము చేసెను. కలుపువాని ధర్మము తన గొంతు వినిపించుట గాదు. అతుకు కనబడకుండ చేయుట.

కలిపిన పిమ్మట

కలిసిన కొమ్మను ఉంచుకొనుట అనవసరము. “గిట్ బ్రాంచ్ -డి” అని దాని పేరు వ్రాసినచో అది పోవును. పోవునది నెమలికన్నే గాని పుటలు గావు. దానిపై చేసిన పనియు, వేసిన ముద్రలును మొదలులో నున్నవి గదా. పని ఇంకను కలుపకున్నచో గిట్ ఈ యాజ్ఞను పాటింపదు. “ఇది కలియలేదు” అని హెచ్చరించును. పెద్ద డి అక్షరముతో నాజ్ఞాపించినచో మాత్రము మారుమాటాడక తీసివేయును. కాబట్టి ఆ పెద్ద అక్షరమును వాడుటకు ముందు పదిమార్లు ఆలోచింపవలెను. పొరపాటున తీసివేసినను వెంటనే నిరాశ వలదు. “రిఫ్లాగ్” అను దినచర్యలో, మనము ఏర్పాట్లు మార్చకున్నచో, అట్టి ముద్రల జాడ సామాన్యముగా 30 దినములుండును. ఆ గుర్తునుబట్టి కొమ్మను మరల వేసికొనవచ్చును. ముద్రయే వేయని పనికి మాత్రము ఈ రక్ష లేదు.

కలుపరాని భేదములు

ఇక కొమ్మలను దుర్వినియోగము చేయు విధ మొకటి చెప్పి ముగింతుము. శంషాబాదులో రెండు రన్‌వేలు కలవు. ఒకటి 4,260 మీటర్లు, రెండవది 3,707 మీటర్లు. అవి పక్కపక్కనే సాగును, ఎన్నటికిని కలియవు, కలియుటకు వేసినవియు గావు. కొమ్మ యట్టిది గాదు. అది కలియుటకే పుట్టినది. కలుపుదమను తలంపే లేనిచో దానిని కొమ్మ యనుటకంటె వేరుకాపురమనుట సరి.

మన కుటుంబమున నొక బతుకమ్మ పాటను అత్తగారు ఒక తీరున పాడుదురు. ఆమె తోడికోడలు మరియొక తీరున పాడుదురు. ఏది సరియైనది? రెండును సరియైనవే. అట్లని ఒక్కొక్క తీరునకు ఒక్కొక్క కొమ్మ వేసి శాశ్వతముగా నుంచినచో, కొన్నాళ్లకు ఒక కొమ్మలోని దిద్దుబాటు మరియొక కొమ్మకు చేరదు. ఒకటి పోషణలేక యెండిపోవును. ఒక్కటిగా కలిపి తీర్చినచో మరియొక తీరు చచ్చిపోవును.

వేదములకును శాఖలు కలవు. ఒక శాఖలోని పాఠమును మరియొక శాఖతో దిద్ది యేకము చేయవలెనని యెవరును తలపరు. గురుశిష్యపరంపర యొక్కొక్క దానిని వేర్వేరుగా నిలిపినది. అంతటి పరంపర మన యింటి పాటలకు లేదు గనుక మరియొక మార్గము కావలెను. పుణ్యపట్టణములోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థవారు 1919 నుండి 1966 వరకు శ్రమించి సంస్కృత మహాభారతమును పరిష్కరించిరి. అందులకై 1,259 వ్రాతప్రతులను పరిశీలించిరి; వానిలో తెలుగు లిపిలోని ప్రతులును ఉండెను. వారు పాఠాంతరములను పారవేయలేదు. పుట పైభాగమున నిర్ణయించిన పాఠము నిచ్చి, అడుగున ఏ ప్రతిలో నేమి యున్నదో వివరముగా చూపిరి. మన పాటల పుస్తకమునకును ఇదియే త్రోవ. రెండు తీరులను మొదలులోనే, ఒకే పుటలో, ఎవరి పాఠ మేదియో పేర్కొని యుంచవలెను. కొమ్మ కాలభేదమునకు సాధనము. “ఇంకను పూర్తిగాని పని” యని దాని యర్థము. రుచిభేదమునకు అది చోటు గాదు.

ఈ విషయమున మే మింతగా వ్రాయుటకు కారణము గలదు. ఉమ్మడి వ్రాతలు చెడుట చాలవరకు ద్వేషమువలన గాదు, మంచి మనస్సుతో ఒకరి పనిపై నొకరు వ్రాయుటవలన. ప్రయత్నించుటకు ప్రతివారికిని ఒక చోటు, తప్పినను ఉమ్మడి సొత్తునకు హాని లేకుండ ఒక కట్టడి, తిరిగి వచ్చి కలియుటకు ఒక దినము, కలిసినదానిని చదువుటకు ఒక మనిషి: ఈ నాలుగును అమరినచో ముగ్గురు గాదు, మూడువందలమంది కలసియైనను ఒక పుస్తకమును వ్రాయవచ్చును. ఇంటిలో పెద్దలు పాడు పాటలు వ్రాయదలచిన సోదరీమణులు నేడే మొదలుపెట్టుదురు గాక. మొదటి ముద్ర వేయుటకు పుస్తకము పూర్తి గానక్కరలేదు. ఒక్క పాట చాలును. ఇంటిలో నీ విద్య తెలిసిన పిల్ల యున్నచో ఆమెనే ప్రక్కన కూర్చుండబెట్టుకొని మొదటి కొమ్మ వేయుడు. ఆమెకు పాట తెలియదు, మనకు గిట్ తెలియదు. ఆ కలయికలో చిక్కేమియు రాదని మా నమ్మకము.